రామ్‌గోపాల్‌పేటలో సీలు వేసిన దూలం

కూర్చునే ముందు

మొన్న మా ఏ.ఎస్. రావు నగర్ ఇంటికి చెదల మందు కొట్టే కుర్రాళ్లు వచ్చారు. గోడ వెంబడి చిల్లులు పెట్టారు, పంపుతో మందు పోశారు, టీ తాగారు, వెళ్లిపోయారు. ఒక్క తలుపును తట్టలేదు, ఒక్క కిటికీకి చెవి ఆనించలేదు. "ఏం బాబూ, లోపల ఉన్నాయో లేదో చూడరా?" అని అడిగితే, "అవసరం లేదంకుల్, మందు చూసుకుంటది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. టీ ఇచ్చినవాళ్లని తిట్టడం బాగుండదు కనక ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదివితే సంతోషం. చదవకపోతే నా కోపమైనా తగ్గుతుంది.

నా పేరు దేవదానం. మా నాన్న గుంటూరు వైపు నుంచి బడిపంతులుగా వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డారు. నేను హైదరాబాదు సంస్థానం ఉండగానే సర్కారు కట్టడాల దఫ్తర్లో చేరాను. సంస్థానం పోయింది, రాష్ట్రాలు మారాయి, నేను మాత్రం అదే పని చేసి రిటైరయ్యాను. కలపను తినేవాటిని వెతకడం నా పని. చెదలు, తొలిచే పురుగులు, వానాకాలంలో తలుపు చెక్కని అటుకుల్లా మెత్తబరిచే బూజు, అన్నీ నా ఖాతాలోవే. ప్రమోషన్ల సంగతి రాయను, అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆలస్యమవుతాయి.

పని నేర్పింది మా పైఅధికారి హుసేన్ సాబ్. సన్నగా, నిటారుగా ఉండేవారు. ఎండాకాలంలో కూడా షేర్వానీ గుండీలు విప్పేవారు కాదు. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఇది.

"బేటా, ఎవరింటికి పోయినా కూసునే ముందు తట్టి చూడు. కుర్చీ జవాబు చెప్తే నిలబడే ఉండు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నన్ను తీసుకెళ్లి దఫ్తర్ వెనక ఉన్న పాత తలుపు దగ్గర నిలబెట్టి, వేలి కణుపుతో టక్కున కొట్టి, నా చెవిని తలుపుకి ఆనించారు. లోపల నుంచి కటకటకటమని చప్పుడు వచ్చింది. చెదల్లో సిపాయిలుంటాయి. వాటికి తల పెద్దది. చెక్క కదిలితే ప్రమాదం వచ్చిందని మిగతావాటికి తెలియడానికి ఆ తలను చెక్కకేసి కొట్టుకుంటాయి. నువ్వు తడితే అవి తడతాయి. అంత సులువు.

ఆ అలవాటు నాకు వదల్లేదు. చర్చిలో బెంచీ తట్టి కూర్చుంటే మా పాస్టరు గారు ప్రసంగం ఆపి చూసేవారు. నా పెళ్లిచూపుల్లో కాబోయే మామగారు చూపించిన కుర్చీని కూడా తట్టాను. అది జవాబు చెప్పింది. నేను కూర్చోనన్నాను. ఆయనకి రోషం వచ్చి, "మా ఇంటి కుర్చీకి ఏం తక్కువ?" అని తాను కూర్చున్నారు. తక్కువేమిటో వెంటనే తెలిసిపోయింది. లోపలి గదిలోంచి ఒక అమ్మాయి పగలబడి నవ్వడం వినిపించింది, ఆ నవ్వు విన్నాక నేను వేరే సంబంధం చూడలేదు.

యాదగిరి గారి ఊసులు

ఇక అసలు సంగతికి వస్తాను. రామ్‌గోపాల్‌పేటలో యాదగిరి అని ఒక పెద్దమనిషి ఉండేవారు. రైల్వేలో టెలిగ్రాఫు పని చేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. భార్య సత్తెమ్మ, ఒక పెంకుటిల్లు, ముందు ఒక వసారా. ఆ వసారా కప్పు మొత్తం ఒకే ఒక్క పెద్ద దూలం మీద నిలబడి ఉండేది. యాదగిరి గారు ఆయాసం మనిషి. పగలంతా ఆ దూలం కిందే పడక్కుర్చీ వేసుకుని ఉండేవారు.

ఒకరోజు సాయంత్రం ఊసుపోక చేతికర్రతో దూలాన్ని టెలిగ్రాఫు కొట్టినట్టు కొట్టారట. దూలం జవాబు చెప్పింది. మనిషి పొంగిపోయాడు. రిటైరయ్యాక ఆయనకి జవాబు చెప్పిన టెలిగ్రాఫు అదొక్కటే. ఇక రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆయన కొట్టడం, అవి కొట్టడం. సత్తెమ్మ వంటింట్లోంచి తిట్టడం.

పక్కింటివాళ్లు అది విన్నారు. సంస్థానం ఉంటుందో పోతుందోనని ఊరంతా గుసగుసలతో ఉన్న రోజులవి. ఎవరు ఎటువైపో తెలియదు. వాళ్లు వెళ్లి ఠాణాలో చెప్పారు. యాదగిరి ఇంట్లో కాంగ్రెసువాళ్ల వైర్‌లెస్ ఉందని.

అమీన్ వచ్చాడు. అప్పట్లో ఠాణా పెద్దని అమీన్ అనేవారు. వైర్‌లెస్ దొరకలేదు కాని చప్పుడు దొరికింది. ఎందుకైనా మంచిదని మా దఫ్తర్‌కి కబురు పెట్టాడు. హుసేన్ సాబ్, నేను వెళ్లాం. దూలం నిండా చెదలే. దబ్బనం గుచ్చితే పిడి దాకా దిగింది.

"అమీన్ సాబ్, ఇది పురుగు. గ్యాస్‌నూనె కొట్టాలె, దూలం మార్చాలె. జల్దీ చెయ్యకపోతే వానలకు కప్పు కూలుతది," అన్నారు హుసేన్ సాబ్.

అమీన్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. చెడ్డవాళ్లకన్నా భయస్తుల వల్లే మన పనికి ఎక్కువ తక్లీఫ్, ఇది రాసిపెట్టుకోండి. పురుగంటే పైవాళ్లు నవ్వుతారేమోనని భయం, వైర్‌లెస్ అంటే అదెక్కడని అడుగుతారేమోనని భయం. చాలాసేపు గడ్డం గోక్కుని చివరికి దూలం చుట్టూ ఒక గుడ్డపట్టీ కట్టించి, ముడి మీద ఎర్రలక్క కరిగించి, సర్కారు మొహరు కొట్టాడు.

"హుకుం వచ్చేదాక ఎవ్వరు ముట్టొద్దు. మొహరు తెగితే జైలే," అన్నాడు.

"పురుగులకు సుత హుకుమేనా సాబ్?" అని అడిగింది సత్తెమ్మ.

"అందరికీ," అన్నాడు అమీన్, వెళ్లిపోయాడు.

నా జీవితంలో చెదలకు సర్కారు రక్షణ ఇవ్వడం చూసింది అదే మొదటిసారి. మందు కొట్టడానికి లేదు, దూలం తీయడానికి లేదు. హుకుం కోసం హుసేన్ సాబ్ ఠాణా చుట్టూ తిరుగుతుండగానే పోలీసు యాక్షన్ జరిగింది. నాలుగు రోజులు తలుపులేసుకుని కూర్చున్నాం. తలుపులు తీసేసరికి హుకుం ఇవ్వాల్సిన సర్కారే లేదు. అమీన్ కూడా ఎటు పోయాడో తెలియదు. మొహరు మాత్రం దూలం మీద చెక్కుచెదరకుండా ఉంది.

కెప్టెన్ సాబ్ తట్టి చూశారు

కొత్తగా వచ్చిన మిలిటరీవాళ్లు లష్కర్ కంటోన్మెంటు బారకుల్లో దిగారు. మా వైపు సోదాలు ఒక కెప్టెన్ చూసేవాడు. ఎక్కడో ఉత్తరాదివాడు, మనిషి చురుకు, మీసం ఇంకా చురుకు. ఆయనకి పక్కింటివాళ్లు మళ్లీ చెప్పారు. ఈసారి యాదగిరి ఇంట్లో కమ్యూనిస్టుల వైర్‌లెస్ ఉందని. అదే దూలం, అవే చెదలు, పార్టీ మారింది.

మళ్లీ మా దఫ్తర్‌కి కబురు. హుసేన్ సాబ్ టోపీ తీసి బల్ల మీద పెట్టారు. ఆయనని అలా చూడటం నాకు కష్టమనిపించింది.

"దానం బాబూ, నువ్వే పో. ఈ దినాలల్ల నేను పోయి అది పురుగని చెప్తే, వాళ్లకు పురుగు కనబడదు, హుసేన్ కనబడతడు. ఆ ముసలాయన ఇంకా పరేషాన్ అయితడు."

అందుకని ఒక్కణ్ణే వెళ్లాను. వసారాలో కెప్టెన్, ఇద్దరు సిపాయిలు, చెవికి గొట్టాలు తగిలించుకున్న ఒక సిగ్నల్ మనిషి. కెప్టెన్ వేలు మొహరు మీద ఉంది.

"ఇది పాత సర్కారు ముద్ర. ఉత్త పురుగులకు ఎవరైనా సీలు వేస్తారా?" అన్నాడు హిందీలో.

"వేశారు సాబ్," అన్నాను. నిజం ఒక్కోసారి అబద్ధం కన్నా అడ్డంగా ఉంటుంది, ఏం చెయ్యను.

నాకు అప్పటికి చదువు పొగరుండేది. నోటితో చెప్పడమెందుకు, చేసి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. "చూడండి సాబ్, ఇలా తడితే లోపలి పురుగులు బెదిరి తలలు కొట్టుకుంటాయి" అని దూలాన్ని తట్టాను. కటకటకటమని జవాబు వచ్చింది. కెప్టెన్ తానూ తట్టాడు. ఇంకా గట్టిగా వచ్చింది. ఆయన సిగ్నల్ మనిషి వైపు తిరిగాడు.

"అడిగితే జవాబిస్తోంది. విన్నావా?"

"విన్నాను సార్. రహస్య భాష సార్," అన్నాడు సిగ్నల్ మనిషి. వాడికి అర్థంకానిదంతా రహస్య భాషే.

ఇంతలో యాదగిరి గారు లేచారు. ఆయన మాట్లాడకుండా ఉంటే ఎంత బాగుండేదో. "సాబ్, అవి జవాబిస్తయి, నిజమే. రోజూ పొద్దుగూకంగ నేనే పిలుస్త," అన్నారు.

"నువ్వు పంపుతావా? ఏమని?"

"లైన్ క్లియరా అని అడుగుత."

"ఏ లైను?"

"ఏ లైనూ లేదు సాబ్. అలవాటు. బండి వచ్చే ముందు అడిగేటోళ్లం గద."

"ఏం బండి వస్తోంది?"

నేను కళ్లు మూసుకున్నాను. దేవుడా, ఈయన నోరు మూయించు అని లోలోపల ప్రార్థన చేశాను. ఆరోజు దేవుడు వేరే పనిలో ఉన్నాడు.

సిగ్నల్ మనిషి మధ్యలో దూరి, లోపల కొట్టేది కూడా ఈయన నేర్పిన మనుషులే, ఆ కొట్టే తీరు ఈయన చేతిదే అన్నాడు. అంతే, యాదగిరి గారి ముఖం ఎర్రబడింది. దేశద్రోహి అంటే పడ్డ మనిషి ఆ మాట పడలేకపోయారు.

"ఏందీ? ఆ గలీజ్ చెయ్యి నాదంటవా? సందు లేదు, లెక్క లేదు, గిట్ల కొడితే మా స్టేషన్ మాస్టరు నన్ను ఊకనే ఉంచుతుండెనా? నా చెయ్యి ఎట్లుంటదో విను!" అని చేతికర్రతో స్తంభం మీద చకచకా కొట్టి చూపించారు. ఆయాసంలో కూడా ఎంత శుభ్రంగా కొట్టారంటే, సిగ్నల్ మనిషికి కూడా అర్థమైంది.

"సార్, ఇది మాత్రం అసలైన కోడ్ సార్!"

ఆ విధంగా యాదగిరి గారు తన చేతి పరువు నిలబెట్టుకుని, సిపాయిల మధ్య జీపెక్కారు. దూలం కోయించి లోపల చూడండని నేను ఎంత మొత్తుకున్నా కెప్టెన్ వినలేదు. సీలున్న సాక్ష్యం ముట్టరాదట. సత్తెమ్మ జీపు వెనక వీధి మలుపు దాకా పరుగెత్తి, తిరిగొచ్చి నన్ను చూసింది.

"నిన్ను తట్టమని ఎవరన్నరయ్యా?" అంది.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట. మనకు తెలిసిన సంగతి ఎదుటివాడి భయం ముందు పెట్టేటప్పుడు జాగ్రత్త. అది మన వైపు పని చేస్తుందని గ్యారంటీ లేదు.

మేజా మాట్లాడింది

మర్నాడు వాంగ్మూలం కోసం నన్ను బారకుకి పిలిచారు. పాత ఇంగ్లీషు దొరల కాలం నాటి గది. రాతి గచ్చు, గోడకు ఆనించి ఒక పెద్ద మేజా. ఒక మూల బెంచీ మీద యాదగిరి గారు, మెడ చుట్టూ కండువా, గుండెల్లో పిల్లికూతలు. బయట లారీ ఇంజను ఆడుతూ ఉంది. పట్టుకున్నవాళ్లని ఎక్కడో దూరపు జైలుకి పంపుతున్నారు. ఆ ఆయాసంతో లారీలో అంత దూరం పోతే ఆయన తిరిగి రావడం కల్ల. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"సత్తెమ్మకు చెప్పు, పెరుగు తోడెయ్యడం మర్చిపోవద్దని," అన్నారు నాతో. అలాంటప్పుడు మనిషికి అలాంటివే గుర్తొస్తాయి కాబోలు.

కెప్టెన్ నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న నువ్వు చెప్పింది మళ్లీ చెప్పు. పురుగులు మాట్లాడతాయి అన్నావు. కూర్చో."

కూర్చోమన్నాడు కదా. నా చేయి తనంతట తాను వెళ్లి కుర్చీని తట్టింది. కుర్చీ గట్టిదే. కూర్చుని మోచేయి ఆనించబోతూ మేజాను తట్టాను. ఆలోచించి చేసిందేమీ కాదు, హుసేన్ సాబ్ పెట్టిన అలవాటు.

కటకటకటకట.

కెప్టెన్ మేజా వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ గాల్లోకి ఎత్తాను. యాదగిరి గారు మాత్రం ఆ చప్పుడు వినగానే, పాత గుర్రం గంట విన్నట్టు, చేయి చాచి మేజా అంచు మీద ముచ్చటగా లైన్ క్లియరా అని కొట్టారు. మేజా ఇంకా ఉత్సాహంగా జవాబిచ్చింది.

"సార్," అన్నాడు గుమ్మం దగ్గర సిగ్నల్ మనిషి, గొంతు తగ్గించి, "అదే రహస్య భాష సార్."

"ఇది నా మేజా!" అన్నాడు కెప్టెన్.

"అవును సార్," అన్నాడు వాడు. ఆ తర్వాత ఏమనాలో వాడికి శిక్షణలో చెప్పినట్టు లేదు.

కెప్టెన్ కోపంగా డ్రాయరు పట్టుకుని లాగాడు. డ్రాయరు ముందుపలక ఒక్కటే చేతికొచ్చింది. మిగతాది మట్టిపొడిగా రాలింది. అందులో ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న మామిడి ఊరగాయ సీసా గచ్చు మీద పడి పగిలింది. ఆ ఎర్రటి నూనెలో తెల్లటి చెదలు వందలకొద్దీ దిక్కుతోచక తిరుగుతున్నాయి. వాటి మధ్య పెద్దతల సిపాయిలు. కెప్టెన్ మోకాళ్ల మీద కూర్చుని మేజా వెనక్కి తొంగిచూశాడు. గచ్చు సందులోంచి వెనక కాలి పొడవునా మట్టి గొట్టం పాకి ఉంది.

చాలాసేపటికి లేచాడు. మోకాలికి ఊరగాయ అంటుకుంది. "ఇవి ఎప్పటినుంచి ఉన్నాయి?" అని అడిగాడు.

"మీరు రాకముందు నుంచే సాబ్. దొరలున్నప్పటివి అయ్యుంటాయి."

ఇప్పుడు ఆ ముసలాయన్ని పంపాలంటే తన్ను తాను కూడా పంపుకోవాలి. ఆ లెక్క ఆయన ముఖం మీద నాకు స్పష్టంగా కనిపించింది. కెప్టెన్ మూర్ఖుడు కాదు. భయపడమని పంపిన ఊరికి వచ్చి భయపడ్డాడు, అంతే. కిటికీ దగ్గరకెళ్లి లారీ ఇంజను ఆపించాడు. యాదగిరి గారి వైపు చూడకుండానే, "బాబాజీని ఇంటి దగ్గర దింపండి. ఈ మేజాను బయటపెట్టి కాపలా పెట్టండి," అన్నాడు.

కాపలా ఎందుకో ఎవరూ అడగలేదు. యాదగిరి గారు గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"సాబ్, జెర ఒక్క మాట. నీ మేజా చెయ్యి సుత గలీజే."

ఆయన రెక్క పట్టుకుని జీపులోకి తోశాను.

ముడి ఎవరు విప్పారు

ఇంటికి వచ్చాం. సత్తెమ్మ ఏడవలేదు, మొగుణ్ణి తలనుంచి కాలిదాకా చూసి, "పెరుగు తోడేసిన, తిను," అంది. ఆయన అదే వసారాలో, అదే దూలం కింద పడక్కుర్చీలో కూలబడ్డారు. నేను దూలాన్ని తట్టాను. జవాబు ఈసారి చాలా దగ్గర నుంచి వచ్చింది. అంటే పైచెక్క కాగితమంత మిగిలిందన్నమాట.

"యాదగిరి గారూ, ఇవాళే దింపేయాలి. మీరు ముందు లేచి బయటకు రండి."

"మొహరున్నది గద," అన్నారు.

"ఆ సర్కారే పోయిందండీ!"

"కొత్త సర్కారోళ్లు వచ్చి అడిగితే? ముద్ర ఎందుకు తెంపినవంటే ఏం చెప్పాలె? మళ్ల లారీ ఎక్కాలె. నాతోటి కాదు దానం. హుకుం రానియ్యి." నిన్నటిదాకా చెదలతో కబుర్లాడిన మనిషి, ఒక్క రోజులో లక్కముద్దకు భయపడేవాడయ్యాడు. నాకు కెప్టెన్ మీద కూడా రానంత కోపం ఆ ముద్ర మీద వచ్చింది.

మేము వాదించుకుంటుండగా సత్తెమ్మ లోపలికి వెళ్లి రోకలి పట్టుకొచ్చింది. మొగుణ్ణి కుర్చీతో సహా వాకిట్లోకి ఈడ్చింది. ఆయన "ఏయ్, ఏయ్" అంటూనే ఉన్నారు.

"ఏ సర్కారుదైతే నాకేంది? ఇల్లు నాది!" అని గడపలో నిలబడి, రోకలి ఎత్తి, సరిగ్గా ఆ ఎర్ర ముద్ర మీద ఒక్కటి వేసింది.

దూలం విరగలేదు. అప్పడంలా నలిగింది. నేను ఆమె కొంగు పట్టి వెనక్కి లాగాను. వాసాలు, పెంకులు, ఎన్నేళ్లదో మట్టి, అంతా ఒక్కసారిగా వసారాలోకి దిగింది. దుమ్ము అణిగాక చూస్తే ముగ్గురం వాకిట్లో తెల్లగా నిలబడి ఉన్నాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. యాదగిరి గారు కూర్చున్న చోట వాసం ఒకటి నిలువునా దిగబడి ఉంది.

ఆయన దాన్ని చూశారు. తర్వాత దుమ్ములో వంగి, గుడ్డపట్టీ ముక్క, ముక్కలైన లక్క ఏరి అరచేతిలో పెట్టుకున్నారు.

"సత్తీ, సీలు ఏదని అడిగితే ఏం చెప్పాలె?"

సత్తెమ్మ ఆయన చేతిలోంచి ఆ ముక్కలు తీసుకుని గోడ అవతల పారేసింది. రోకలి దులుపుకుంటూ లోపలికి నడిచింది.

"చెదలు తిన్నయని చెప్పు."

నేను దఫ్తర్‌కి వెళ్లి అదే రాసిచ్చాను. నా సర్వీసు మొత్తంలో పైవాళ్లు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మిన రిపోర్టు అదొక్కటే.